ముడి మింగిన అడుగు

పోయిన వారం నన్ను నేనే షోరూంలో నిలబెట్టి వదిలేశాను కదా, అక్కడి నుంచే అందుకుంటాను. మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. మా ఆయన నడుము పోయింది. పదేళ్ళుగా జామతోటలో పవర్ టిల్లరు వెనక నడిచీ నడిచీ, ఆ కుదుపులకి వెన్నుపూసలు అరిగిపోయాయి. ఇంకోసారి ఆ బండి పిడి పట్టుకుంటే మంచం పట్టడమేనని డాక్టరు తేల్చేశాడు. కూర్చుని నడిపే చిన్న ట్రాక్టరు కొనాలని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాం. ఏది కొనాలన్న దగ్గరే పేచీ. షోరూంలో ఉన్న రెండింటిలో మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పెద్దదాని మీద మనసు పడ్డారు. నేను చిన్నది చాలన్నాను. పెద్దది మా తోటలో తూర్పు వరసల్లోకి దూరదు. దూరనప్పుడు ఎవరైనా బండిని వెనక్కి పంపరు, చెట్లనే కొట్టేస్తారు. నా భయమల్లా అదే.

నేను దర్జీ పని చేస్తాను. పొద్దున లేచిన దగ్గర్నుంచి మెడలో టేపు ఉండాల్సిందే. అందుకే ఆ రోజు షోరూంలో టేపు తీసి పెద్ద బండి వెనక చక్రానికి ఆనించాను. "అమ్మా, ఇది జాకెట్టు కాదు, ట్రాక్టరు," అన్నాడు షోరూం ఆయన, మెడలో టై సర్దుకుంటూ. బావగారు పకపకా నవ్వారు. ఆయన నవ్వితే నవ్వారు, నా మాట ఆయనకి ఎప్పుడు చెవికెక్కింది కనక. పక్కనే నిలబడ్డ మా ఆయన కూడా నవ్వారు. పోయిన వారం అక్కడే ఆపాను, ఎందుకంటే ఆ పైన రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు.

ఆ నవ్వుకి అరికాలి మంట నెత్తికెక్కింది. వారమైనా దిగలేదు. అయినా ఆ రోజు కొలత ఆపలేదు. వాళ్ళు నవ్వుతుంటే నేను నేల మీద మోకాళ్ళేసి కూర్చుని కొలిచాను. షోరూం వాళ్ళిచ్చిన కాగితంలో బండి వెడల్పు నాలుగడుగుల ఎనిమిది అంగుళాలని ఉంది. అది చక్రాల కొలత. మట్టి గుల్ల చేసే రోటవేటరు వెనక తగిలిస్తారు కదా, దాని ఊసు ఆ కాగితంలో లేదు. అది అయిదడుగులు. ఛాతీ కొలత రాసుకుని పొట్ట మరిచిపోతే చొక్కా ఎవరికి పడుతుంది? ఆ మాటే షోరూం ఆయన్ని అడిగాను. ఆయన నీళ్ళు నమిలి, కావాలంటే బండిని మీ తోటకే పంపిస్తాం, నడిపి చూసుకోండి అన్నాడు. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి అనుకున్నాం.

గురువారం మధ్యాహ్నం చేతిలో పని పక్కన పెట్టి తోటకి వెళ్ళాను. కంచెలోంచి ఒక వెదురుకర్ర లాగి, అరవై ఆరు అంగుళాలకి కోశాను. రోటవేటరుకి అరవై, అటూ ఇటూ నాలుగేసి వేళ్ళ వదులు. ఒంటి కొలతకి సరిగ్గా కుట్టిన బట్ట వేసుకున్న రోజే చిరుగుతుందని నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి మొదటి రోజే చెబుతాను. వదులు లేని కొలత కొలతే కాదు. ఆ కర్రని అడ్డంగా గుండెలకి ఆనించుకుని వరసల మధ్య నడిచాను. ఎవరైనా చూస్తే దీనికి పిచ్చి ముదిరింది అనుకునేవాళ్ళే. పడమటి పదకొండు వరసల్లోనూ కర్ర ఎక్కడా తగల్లేదు. తూర్పున మొదటి వరస దాటి రెండో వరస వైపు తిరిగానో లేదో, రెండు కొనలూ కొమ్మల్లో ఇరుక్కుపోయాయి.

మా ఆయన మోటారు గది అరుగు మీద నడుముకి పట్టీ కట్టుకుని కూర్చుని ఇదంతా చూస్తున్నారు. చూశారా అన్నాను. "ఎందుకే ఈ శ్రమ," అన్నారు, అంతే. నన్ను చూసి జాలిపడుతున్నారనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో మీకే తెలుస్తుంది, చదవండి.

తూర్పు వరసలంటే నాకు ఎందుకింత పట్టుదలో చెప్పాలి. తొమ్మిది వరసలు, వరసకి పదహారు, మొత్తం నూట నలభై నాలుగు చెట్లు. నాటిన రెండో ఏడు ఎండాకాలంలో మోటారు కాలిపోయింది. బాగయి వచ్చేసరికి నలభై రోజులు పట్టింది. పడమటి చెట్లకి కాలవ పక్కనే ఉంది కాబట్టి ఎలాగో తడి అందింది. తూర్పు చెట్లని వదిలేద్దాం, పోయినవి పోతాయి అని తీర్మానించారు బావగారు. నేను వదల్లేదు. తెల్లారకముందే లేచి చెట్టుకో బిందె చొప్పున చంకనెత్తుకుని మోశాను. పొద్దెక్కాక వచ్చి మిషను మీద కూర్చునేదాన్ని. నూట నలభై నాలుగులో ఒక్కటి చావలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, నా నోరు మంచిది కాబట్టి. ఇప్పుడు మాత్రం ఎత్తుతున్నాను.

శుక్రవారం బండి లారీ మీద వచ్చింది. ఎర్రగా, కొత్త రంగు వాసనతో, దాని వెనకే మోటారు సైకిలు మీద షోరూం ఆయన. బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చారు. అత్తయ్య కుర్చీ తెప్పించుకుని మోటారు గది నీడలో కూర్చుంది. తోట ఆవిడ పేరు మీదే ఉంది కాబట్టి ఆవిడ లేకుండా ఏదీ జరగదు, ఆవిడ ఉన్నా జరిగేది బావగారు అనుకున్నదే.

బావగారు ఎక్కి పడమటి వరసల్లోకి పోనిచ్చారు. అబద్ధమెందుకు, బండి బాగుంది. మోత తక్కువ. అది వెళ్ళిన చోటల్లా మట్టి జల్లెడ పట్టినట్టు తయారైంది. నాలుగు వరసలు తిరిగొచ్చి, దిగకుండానే, చూశావా అన్నట్టు నా వైపు చూశారు. బాగుంది బావగారూ, ఇక తూర్పుకి తిప్పండి అన్నాను.

అక్కర్లేదన్నారు. ఇక్కడ పట్టింది అక్కడెందుకు పట్టదన్నారు. "నాన్న తోటంతా ఒక్క తాడుతోనే వేశాడమ్మాయ్. ఆ తాడు పదడుగులు. పడమరైనా తూర్పైనా పదడుగులే." షోరూం ఆయన కూడా గంగిరెద్దులా తలూపాడు. నిజమే మరి, వినడానికి ఎంత బాగుంది. ఒక్క తాడు, ఒకటే కొలత. ఇంకేం కావాలి?

ఆ తాడు రెండో కొస పట్టుకున్నది ఎవరో బావగారికి గుర్తులేదు. నేనే. కాపురానికి వచ్చి మూడు నెలలు. మావయ్య ఒక కొస పట్టుకుంటే నేను రెండో కొస పట్టుకుని, ఇద్దరం తాడు బిగలాగి, ఆ దూరానికి మేకు పాతేవాళ్ళం. రెండు రోజుల్లో పడమటి సగం అయిపోయింది. రెండో రోజు సాయంత్రం తాడుని గట్టు మీద వదిలేసి ఇంటికొచ్చాం. పొద్దున వెళ్ళేసరికి దూడ నమిలి రెండు ముక్కలు చేసింది. మావయ్య దాన్ని నాలుగు తిట్టి, రెండు ముక్కల్నీ కలిపి ఇంత లావున ముడేసి, పద పద మొక్కలు వాడిపోతున్నాయని తొందరపెట్టారు. ముడి అడుగు మింగేసింది మావయ్యా అన్నాను. సూది దారంతో బతికేదాన్ని, ముడి ఎంత తింటుందో నాకు తెలియదా? ఆయన నవ్వి, "చెట్టుకేం తెలుసులేవే," అన్నారు. మంచి మనిషి. కొత్త కోడల్ని, ఇంకేమనగలను. తూర్పు సగమంతా ఆ ముడి తాడుతోనే పడింది.

అదే చెప్పాను అందరి ముందూ. బావగారు అంతా విని, కట్టుకథలు చెప్పడంలో నీ తర్వాతే ఎవరైనా అన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం ఆయన. నాలుగో కాలు తెచ్చి చేతిలో పెట్టినా ఇది తోక అంటారు. నేను మా ఆయన వైపు చూశాను. ఈ ముడి సంగతి ఆయనకి నేను నూరుసార్లు చెప్పాను. ఒక్క మాట, అవును అన్నయ్యా అని ఒక్క మాట అంటే సరిపోయేది. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు.

మాట్లాడింది అత్తయ్య. కుర్చీలోంచి లేవకుండానే, దూడ నమిలిన మాట నిజమేరా అంది. ఆ తాడు పారేయలేదనీ, మోటారు గదిలో నీళ్ళ గోలేనికి చుట్టి ఉందనీ, కావాలంటే చూసుకోమనీ చెప్పింది. నేనే లోపలికి వెళ్ళి తెచ్చాను. గట్టిపడిపోయి, మట్టిరంగుకి తిరిగి, మధ్యలో నా పిడికిలంత ముడి అలాగే ఉంది. ఒక కొస షోరూం ఆయన చేతికిచ్చి, రెండోది నేను పట్టుకుని, టేపు వేశాను. తొమ్మిదడుగులు. ఆ టై ఆయన రెండుసార్లు వంగి చూసుకున్నాడు. జాకెట్టు టేపే, కానీ ట్రాక్టరు కొలతే చెప్పింది.

లెక్క విడమరిచి చెప్పాను, అరటిపండు ఒలిచి పెట్టినట్టు. చెట్టుకి అటు రెండడుగులు, ఇటు రెండడుగులు కొమ్మలు. పడమర పదిలో నాలుగు పోతే ఆరు మిగులుతుంది, అయిదడుగుల రోటవేటరు హాయిగా పోతుంది. తూర్పున తొమ్మిదిలో నాలుగు పోతే అయిదే. అయిదులో అయిదు. రెండువైపులా కొమ్మలు చీల్చుకుంటూ, బెరడు గీక్కుంటూ పోతుంది. చిన్న బండి వెనక తగిలించేది మూడున్నర అడుగులు. అది రెండువైపులా పోతుంది. దానికీ సీటుంది, దాని మీద కూర్చున్నా ఈయన నడుముకి సుఖమే. మరి పెద్దది ఎందుకు?

కొమ్మలు కత్తిరిస్తే సరి అన్నారు బావగారు. ఏ కొమ్మలు, కాపు కాసే కొమ్మలా అన్నాను. పదిమందిలో పరువుగా ఉండే బండి ఒకటుండాలన్నారు. పరువు కావాలంటే మంచి చొక్కా కుట్టిస్తాను, చెట్లెందుకు నరకడం అన్నాను. దాంతో ఆయనకి కోపం నషాళానికి అంటింది. బండి దిగి నా ముందుకొచ్చారు.

"నీ జాకెట్ల లెక్కలు నీ మిషను దగ్గర చూసుకో. తోట విషయాలు మగాళ్ళం మేం చూసుకుంటాం."

"మోటారు కాలిన ఎండాకాలం మీరెక్కడున్నారు బావగారూ? నూట నలభై నాలుగు బిందెలు, రోజూ, నలభై రోజులు. అప్పుడు రాలేదే ఒక్క మగాడూ."

లారీ డ్రైవరు బీడీ పారేసి ఇటు తిరిగాడు. ఇన్నేళ్ళలో ఆయన ముందు నేను గొంతెత్తడం అదే మొదలు. అనేసి తాడు చుట్టడం మొదలుపెట్టాను.

అప్పుడు నోరు విప్పాడు షోరూం ఆయన. పాపం, సర్దిచెబుదామనే. తప్పు మాదేం లేదు మేడం, మీరు పూర్తి చేసిచ్చిన ఫారం చూసే మేం పెద్దది చెప్పాం, తూర్పున చెట్లున్నాయని తెలిస్తే నేనే చిన్నది తీసుకోమనేవాణ్ణి అన్నాడు. ఏం ఫారం అన్నాను. బావగారు చటుక్కున, అదేం లేదులే, నువ్వు బండిని లారీ ఎక్కించు అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. షోరూం ఆయన అప్పటికే సంచీలోంచి కాగితం తీశాడు. నేను అందుకున్నాను.

నేల వివరాలు అని ఒక గడి. అందులో బావగారి చేతిరాత, గుండ్రంగా, తప్పుల్లేకుండా. పడమటి సగం: జామ, వరసకీ వరసకీ పదడుగులు. తూర్పు సగం: ఖాళీ.

ఖాళీ. నేను నిలబడ్డ చోటు నుంచి తూర్పు వరసలు పూర్తిగా కనిపిస్తున్నాయి. ఈ ఏటి కాపు మొదలై కొమ్మలు కిందికి వంగాయి. మొదటి వరస దగ్గర నా వెదురుకర్ర ఇంకా రెండు చెట్ల మధ్య ఇరుక్కునే ఉంది, నిన్న లాగితే రాలేదని వదిలేశాను. నూట నలభై నాలుగు చెట్లని రెండక్షరాలతో కొట్టేశారు. గొడ్డలి కూడా అక్కర్లేకపోయింది.

కాబట్టి కొలత తప్పలేదు. బావగారు మరిచిపోలేదు, పొరపడలేదు. తూర్పున బండి పట్టదని ఆయనకి నాకన్నా ముందే తెలుసు. పట్టకూడదనే పెద్దది ఎంచారు. బండి కొన్నాక, అయ్యో పట్టడం లేదే, ఇంత పెట్టి కొన్నాం, ఏం చేస్తాం, చెట్లే తీసేద్దాం అని నలుగురిలో నిట్టూర్చడానికి. అప్పుడు తప్పు ఎవరిదీ కాదు. చచ్చిపోయిన మావయ్యది, ఆయన తాడుది.

నోటికొచ్చినట్టు అడిగాను. ఇవన్నీ రాయక్కర్లేదు, రాస్తే పత్రిక వాళ్ళు వేసుకోరు. బావగారు నేల చూస్తూ నిలబడ్డారు. అత్తయ్య, ఏముందే అందులో, నాకు చదివి వినిపించు అని అడుగుతోంది. వినిపిద్దామని కాగితం మళ్ళీ ఎత్తాను. అప్పుడే చూశాను, అడుగున సంతకం.

బావగారిది కాదు. చివరి అక్షరానికి పొడుగాటి తోక. పిల్లల మార్కుల కాగితాల మీద, కరెంటు వాళ్ళకి రాసిన అర్జీల మీద, పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నాను ఆ తోకని. కింద తారీకు కూడా ఉంది. నేను టేపు పట్టుకుని షోరూంలోకి వెళ్ళడానికి సరిగ్గా మూడు రోజుల ముందు.

అంటే నేను నేల మీద మోకాళ్ళేసి కొలుస్తున్నప్పుడు, ఆయన నవ్వినప్పుడు, ఈ సంతకం అప్పటికే ఆరి ఉంది. నిన్న కర్ర పట్టుకుని తిరుగుతుంటే ఎందుకే ఈ శ్రమ అన్నది జాలితో కాదు. అయిపోయిన పెళ్ళికి మేళమెందుకని.

బావగారి మీద కోపం ఎటుపోయిందో తెలియదు. ఆయనెవరు నాకు, మాట అనేసి ఇంటికెళితే తీరిపోతుంది. ఇది అలా తీరేది కాదు. అరుగు దగ్గరికి నడిచాను. దారిలో ట్రాక్టరుకున్న తాళం చెవి లాగేశాను. ఎందుకు లాగానో అప్పటికి నాకే తెలియదు, ఏదో ఒకటి నా చేతిలో ఉండాలనిపించింది. షోరూం ఆయన, మేడం, లారీ పదకొండింటికి వెళ్ళిపోవాలి అన్నాడు. వెళ్ళదు అన్నాను.

ఆయన ముందు నిలబడి కాగితం చూపించాను. ఇంత కోపంలోనూ ఆయనకి ఒక దారి వదిలాను, అది మాత్రం నన్ను నేను క్షమించుకోలేను. బట్ట కోసేటప్పుడు అంచుల్లో కాస్త వదిలే అలవాటు కదా నాకు.

"అన్నగారు పెట్టమంటే, చదవకుండా పెట్టేశారు కదూ?"

అవును అంటే చాలు. అబద్ధమైనా నమ్మేదాన్ని. తిట్టి, వారం రోజులు మాట్లాడకుండా ఉండి, నమ్మేదాన్ని. ఆయన నడుము మీద చెయ్యి వేసుకుని, అరుగు ఆనుకుని, మెల్లగా లేచి నిలబడ్డారు. నడుము పోయిన ఈ ఆరు నెలల్లో మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూశారు.

"చదివే పెట్టాను."

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న బావగారు ఒక్క అంగలో మా మధ్యకి వచ్చారు.

"చాల్లేరా. మిగతాది చెప్పకు."

మిగతాది అన్నారంటే ఇంకా ఉందన్నమాట. నేను వెనక్కి తిరిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఆ ఎర్ర ట్రాక్టరు ఎక్కాను. తాళం చెవి పిడికిట్లో బిగించి, సీటు మీద సరిగ్గా సర్దుకుని కూర్చుని, ఆ చెట్లు ఎందుకు పోవాలో ఇప్పుడు చెప్పండి అన్నాను మా ఆయనతో.